భరణం పోయిన రాజులు

రాజులందరూ యాడికి పోయినారు తాతా అని అడిగితివి గదా చిన్నమ్మా. ఆ మొద్దు ఇంకొంచెం లోపలికి తొయ్యరా పెద్దోడా, పొగ జేజి కళ్ళల్లోకి పోతాంది. అందరూ ఇట్టా దగ్గరికి జరగండి. ఒక రేత్రిలో తెమిలే ముచ్చట కాదిది, చెప్పగలిగినంత చెప్తా.

రాజ్యం పోవడం ఒక్క దెబ్బతో జరిగే పని కాదు. ముందు రాజ్యం తీసుకుంటారు. 'నీకూ నీ వారసులకూ ఇంత భరణం ఇస్తాం, నీ బిరుదు నీకుంటుంది, నిమ్మళంగా కూర్చో' అని కాగితం రాసిస్తారు. కొన్నేళ్ళు గడిచినాక ఆ భరణమూ ఆపేస్తారు. మన తట్టు ఇది రెండుసార్లు జరిగింది. మొదటిసారి ఇంగ్లీషు కుంఫిణీ దొరల కాలంలో. రెండోసారి 1971లో. అప్పటికి నేను బడిపంతులుగా చేరి ఉండా.

ముందు మొదటిది వినండి. ఈ కంబం, గిద్దలూరు, మార్కాపురం నేలంతా ఒకప్పుడు హైదరాబాదు నిజాం చేతికింద ఉండేది. 1800లో, తన కాపుదలకు పెట్టుకున్న ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద నిజాం ఈ సీమను కుంఫిణీకి అప్పజెప్పినాడు. కడప, బళ్ళారి, అనంతపురం, మన కంబం సీమ, అన్నీ ఒక్క సంతకంతో చేతులు మారినయి. దత్త మండలాలన్నది అందుకే. మనల్ని అడిగినోళ్ళు లేరు. ఆ మండలాలకు తొలి పెద్ద కలెక్టరు థామస్ మన్రో. ఆయన వచ్చేనాటికి దాదాపు 80 మంది పాలెగాళ్ళు ఉండేవాళ్ళంటారు. ఏడేళ్ళలో వాళ్ళ కోటలు వశం చేసుకొని, లొంగినోళ్ళకు భరణాలు కట్టించినాడు మన్రో. అప్పటిదాకా శిస్తు వసూలు చేసిన ఇంటోళ్ళు, నెలకొకసారి ఖజానా గుమ్మం కాడ నిలబడి భరణం తెచ్చుకునే ఇంటోళ్ళయినారు.

పాలెగాడంటే ఒక్కడే కాదు. ఆయన కింద కట్టుబడి బంట్లుండేవాళ్ళు. ఊరి కాపలా, దారి కాపలా, అడివి కనుమల కాపలా వాళ్ళది. అందుకు జీతం కాదు, మాన్యం భూములుండేవి. తాతముత్తాతల నుంచి దున్నుకుంటున్న చేలు. పాలెగాడి కోట పోయినాక ఈ బంట్ల పని కూడా పోయింది. కాపలాకు సర్కారే మనుషుల్ని పెట్టుకుంది. పని లేనోడికి మాన్యమెందుకని ఆ చేల మీద చెయ్యి వేసినారు. పాలెగాడికి భరణమన్నా దక్కింది. కట్టుబడికి అదీ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని మీదే నా ముచ్చటంతా నడుస్తది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని సినిమాలో చూసినారు గదా. సినిమాలో ఎంత చూపించినా, తగువు మొదలయింది భరణం కాడ. ఆయనకు నెలకు వచ్చేది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఆయనకు తాత వరస. ఆ తాత పోయినాక ఆ ఇంటి భరణం వారసులకు దక్కదని కుంఫిణీ ఆపేసింది. తన వాటా రొక్కం తెమ్మని మనిషిని కోయిలకుంట్ల ఖజానాకు పంపితే తాశీల్దారు అవమానించి పంపినాడని చెప్పుకుంటారు. 1846 జులైలో నరసింహారెడ్డి ఆ ఖజానా మీద పడినాడు. అక్కడి నుంచి నల్లమల అంచు పట్టుకొని మన గిద్దలూరు తట్టు దాకా దండు కదిలింది. అక్టోబరులో పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసినారు. తల కోటగుమ్మానికి వేలాడదీసి, ఏళ్ళ తరబడి అట్నే ఉంచినారు.

పదకొండు రూపాయల కోసం ఇంత రక్తమా అని నా బడిలో ఒక పిల్లోడు అడిగినాడు. అడగాల్సిన ప్రశ్నే. పదకొండు రూపాయలకు వేలమంది లెయ్యరు నాయనా. ఆయన వెనక నడిచినోళ్ళలో మాన్యాలు పోయిన కట్టుబడి బంట్లున్నారు, వాళ్ళ వెనక పెండ్లాం బిడ్డలున్నారు. నరసింహారెడ్డి పేరు పాటకెక్కింది. సంతోషం, ఎక్కాల్సిందే. ఆ బంట్ల పేర్లు ఒకటో రెండో తప్ప మిగల్లేదు. నాకు చిన్నప్పటి నుంచీ ఇదే బాధ.

మన తట్టు పాలెగాళ్ళు పోయినాక రాజంటూ లేడు. శిస్తు నేరుగా కలెక్టరుకే. తూర్పున పొదిలి, దర్శి తట్టు మాత్రం అట్టా కాదు. ఆ ఊళ్ళు వెంకటగిరి రాజా జమీను. ఆ రాజాలు వెలుగోటి వాళ్ళు, పాత వెలమ దొరల వంశం. 1802లో కుంఫిణీ వాళ్ళకు శాశ్వత సన్నదు రాసిచ్చింది. పొదిలి రైతుకు కలెక్టరు కంటే రాజాగారి ఠాణేదారు పెద్ద. పసువుల మేతకూ, అడివి కట్టెలకూ జమీందారు మనుషులతో నిత్యం తగువే. ఆ తగువు మీదనే నెల్లూరులో 1930లో వెంకటరామానాయుడు 'జమీన్ రైతు' పత్రిక పెట్టినాడు. స్వతంత్రం వచ్చినాక 1948లో మద్రాసు సర్కారు జమీందారీలు రద్దు చేస్తూ చట్టం చేసింది. నష్టపరిహారం కట్టి ఎస్టేట్లు తీసుకున్నారు. వెంకటగిరి ఇంటి వారసుడు సాయికృష్ణ యాచేంద్ర తర్వాత ఎన్టీఆర్ పార్టీలో ఎమ్మెల్యే అయినాడు. రాజాగారి కొడుకు ఓటడగను రైతు వాకిట్లోకి రావడం మా తరానికి చాలా పెద్ద మార్పు.

జమీందారుకూ సంస్థానం రాజుకూ తేడా ఉండాది. జమీందారు తెల్లోడికి శిస్తు కట్టేవాడు. సంస్థానం రాజుల్లో కొందరికి తెల్లోడు ఫిరంగి సలాము కొట్టేవాడు. ఇప్పటి మన ఆంధ్రలో ఆ మర్యాద ఉన్నది నల్లమలకు అవతల బనగానపల్లె నవాబు ఒక్కడికే. 9 తుపాకుల సలాము. ఊళ్ళన్నీ కలిపి 255 చదరపు మైళ్ళు. మన మండలాలు రెండో మూడో కలిపితే ఎంతో అంత. గిద్దలూరులో మీటర్ గేజి బండెక్కి, దిగువమెట్ట అడివీ బొగదా దాటి, నంద్యాలలో దిగి పోయేవాళ్ళం మామిడికాయల కాలంలో. రవ్వలకొండ గుహ ఆడనే. వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పసువులు కాసి, ఆ గుహలో కూర్చొని కాలజ్ఞానం రాసినారని పెద్దలు చెప్తారు. నవాబు ఆయన్ని పరీక్షించాలని పళ్ళెంలో మాంసం పెట్టించి గుడ్డ కప్పితే, గుడ్డ తీసేసరికి పూలయినయని మా అమ్మ చెప్పేది. ఆ నవాబే స్వామికి భూమి రాసిచ్చినాడనీ చెప్పేది. నవాబును మా ఊళ్ళో తురక రాజనో పరాయోడనో ఎవరూ అనంగా నేను వినలేదు. బ్రహ్మంగారి ముచ్చటలో ఆయనా ఒక మనిషి, అంతే.

1948 ఫిబ్రవరిలో బనగానపల్లె మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పోట్లాట లేదు, తుపాకి పేలలేదు. సంతకం పెట్టినాడు, భరణం రాయించుకున్నాడు. ఇప్పుడా నవాబుల పేరు లోకంలో నిలబెట్టింది మామిడిపండు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంక రెండోసారి సంగతి. పటేలు గారూ, ఆయన కార్యదర్శి వి.పి. మీననూ కలిసి అయిదు వందల పైచిలుకు సంస్థానాలను ఇండియాలో చేర్చినారు గదా. రాజ్యాలు ఇచ్చినందుకు రాజులకు రాజభరణాలు ఇస్తామన్నారు, ఆ మాట రాజ్యాంగంలోనే రాసినారు. ఇరవై ఏళ్ళు గడిచినయి. ఇందిరమ్మ వచ్చింది. పేదోళ్ళ దేశంలో రాజులకు ఏటా దాదాపు 5 కోట్ల రూపాయలు ఎందుకని అడిగింది. 1970 సెప్టెంబరులో రాజ్యాంగ సవరణ పెట్టినారు. లోక్‌సభలో గెలిచింది. రాజ్యసభలో 149 మంది సరే అన్నారు, 75 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులు కావాల, అందుకు ఒక ఓటు కూడా నిండా కాదు, ఓటులో మూడో వంతు తక్కువయింది. వెంటనే రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజులందరి గుర్తింపూ తీసేసినారు. అప్పుడు రాష్ట్రపతి మన తెలుగాయనే, వి.వి. గిరి. మాధవరావు సింధియా, మిగిలిన రాజులూ సుప్రీంకోర్టుకు పోయినారు. వాళ్ళ తరఫున లాయరు పాల్కీవాలా వాదించినాడు. డిసెంబరు 15న ఉత్తర్వు చెల్లదని కోర్టు కొట్టేసింది. ఎన్నికలొచ్చినయి, ఇందిరమ్మ మంచి బలంతో గెలిచింది. 1971 డిసెంబరు 28న 26వ సవరణ అమలుకొచ్చింది. అప్పటికి బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి రెండు వారాలు కూడా కాలేదు. జనం మనసంతా ఆ గెలుపు మీదుంది, రాజుల గోల ఎవరికీ పెద్దగా పట్టలేదు.

మా ఊరి రచ్చబండ కాడ పేపరు చదివి వినిపించే పని నాది. ఆ రోజు పెద్ద వాదమే నడిచింది. 'ఇచ్చిన మాట తప్పితే సర్కారు సర్కారెట్టా అయితది?' అన్నాడొక పెద్ద రైతు. 'కరువొస్తే నాకు ఎవరిచ్చినారు భరణం?' అన్నాడు పలకల గనిలో కూలికి పోయే మనిషి. ఇద్దరూ ఒకరి మీదకొకరు లేచినారు. నేను గనికూలి పక్షమే. రాజు కడుపున పుట్టినందుకు ఏటా లక్షలు ఇయ్యడం తప్పు, దాన్ని తీసెయ్యడం ఒప్పు. అప్పుడూ అదే అన్నా, ఇప్పుడూ అదే అంటా. గాని ఆ సవరణ కాగితం తర్వాత సంపాదించి చదివినా. చిన్నది. భరణాల 291వ అధికరణం తీసేసినారు, 362 తీసేసినారు, 363ఎ అని కొత్తది చేర్చి రాజుల గుర్తింపు ఆపినారు. రాజుల సంగతి అంతా ఉండాది అందులో. ఆ రాజుల ఇంట్లో నాలుగు తరాలుగా వండినోళ్ళు, వాకిలి కాసినోళ్ళు, గుర్రాలు తోమినోళ్ళు రేపటి నుంచి ఏం తింటారని ఒక్క ముక్క లేదు. కట్టుబడి బంట్ల కథ మళ్ళీ జరిగింది. ఈసారి జరిపించింది మన సొంత సర్కారు.

ఈ నౌకర్ల సంగతి ఎంత పెద్దదో తెలియాలంటే, మనల్ని 1800లో అప్పజెప్పినోళ్ళ ఇంటికే పోవాల. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న పోయినాడు. కొడుకును కాదని మనవడు ముకరంజాను వారసుడన్నాడు. ముకరంజా 1933లో ఫ్రాన్సులోని నీస్‌లో పుట్టినాడు. తల్లి దుర్రుషెహ్వార్, టర్కీ ఆఖరి ఖలీఫా కూతురు. ఆ ఖలీఫా పీఠాన్ని 1924లో టర్కీవాళ్ళే రద్దు చేసి, ఆయన్ని దేశం దాటించినారు. అంటే ఈ పిల్లోడికి తల్లి తండ్రీ పీఠం పోగొట్టుకున్నాడు, తండ్రి తండ్రీ రాజ్యం పోగొట్టుకున్నాడు. డూన్ స్కూలు, హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్స్ట్ సైనిక బడి, ఇట్టా పెరిగినాడు. కొన్నాళ్ళు నెహ్రూ కాడ గౌరవ ఏడీసీ.

1967 ఏప్రిల్‌లో హైదరాబాదు చౌమహల్లా మేడలో ఎనిమిదో నిజాంగా కూర్చోబెట్టినారు. కూర్చున్నాక చూస్తే, ఆయన మీద ఆధారపడ్డ మనుషులు 14,718 మంది అని లెక్క తేలిందంట. తాగే నీళ్ళు తెచ్చేందుకే 28 మంది. దీపాల గుత్తుల దుమ్ము తుడిచేందుకు 38 మంది. 28 మంది అని చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నా. మన ఆడోళ్ళు ఒక్క బిందె మంచినీళ్ళకు బోరుకాడ పొద్దంతా కాచుకునేవాళ్ళు, ఆ దొరికిన నీళ్ళల్లోనూ ఫ్లోరైడు. ఆ ఇంటి మీద నాకు కోపం వచ్చింది. తర్వాత, నీళ్ళు మోసే ఆ 28 మందీ గుర్తొచ్చినారు. వాళ్ళు చేసిన తప్పేంది? నిజాం నీళ్ళు మోస్తే కూడు దొరుకుతదని మోసినారు.

తాతకు ఏటా 40 లక్షల పైన వచ్చిన భరణం మనవడికి 20 లక్షలయింది. నాలుగేళ్ళకు అదీ సున్నా. పన్నులు మీదపడినయి. వాటాల కోసం బంధువులు వేసిన దావాలు వందలు. ముకరంజాకు కొలువులో కూర్చోవడం చేతకాదు. ఆయనకు ఇష్టం యంత్రాలు. చెడిపోయిన ఇంజను విప్పి బాగు చెయ్యడంలో ఉన్న సంబరం సింహాసనంలో లేదు ఆయనకు. హైదరాబాదు వదిలేసి ఆస్ట్రేలియా పోయినాడు. పడమటి ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అని లక్షల ఎకరాల గొర్రెల మేతబీడు కొన్నాడు. ఆడ బుల్డోజరు ఎక్కి తానే దారులు వేసుకునేవాడు. గొర్లు, ఎర్ర దుమ్ము, గాలి. ఒంటి మీద నూనె మరకలు. పొద్దుగూకేదాకా ఒళ్ళొంచి పని చేసేవాడంటే నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. రాజు కొడుకు బుల్డోజరు తోలితే తక్కువేమీ కాదు.

గాని ఆయన ఆడ దారులు వేస్తుంటే ఇక్కడ ఇల్లు కూలిపోతాంది. నమ్మి ఎవరికి అప్పజెప్పినాడో వాళ్ళే మేడలు అమ్మినారు, సామాను పోయింది. చౌమహల్లాలో నీళ్ళు కారి గోడలు పాడయినయి. జీతం లేని పాత నౌకర్లు ఆ గోడల మధ్యనే ముసలోళ్ళయినారు. నిజాం నగలు 173, జాకబ్ వజ్రంతో సహా, 1995లో భారత సర్కారు 218 కోట్లకు కొన్నది. ఆ డబ్బు వాటాదార్లకు పంచిందే. ఆస్ట్రేలియాలోనూ అప్పులు పెరిగి, అదీ వదిలి టర్కీ చేరినాడు. ఆఖరి ఏళ్ళు చిన్న ఇంట్లోనే గడిచినయి.

ఇల్లు నిలబెట్టింది ఎవరో తెలుసునా? ఆయన మొదటి భార్య, ఎస్రా. టర్కీ పిల్ల. విడిపోయి ఏళ్ళయినాక తిరిగొచ్చి, లాయర్లను పెట్టి లెక్కలు తేల్చి, చౌమహల్లాను బాగు చేయించింది. 2005లో జనం చూసేదానికి తలుపులు తీసినారు. ఫలక్‌నుమా మేడ హోటలయింది. తోటమాలి, కాపలా మనిషి, పాత బట్టలకు అతుకులు వేసే మనిషి, టికెట్టు చింపే మనిషి, మళ్ళీ ఆ ఇంటి మీద కొంతమంది కూడు తింటున్నారు. నా లెక్కలో ఆ వంశంలో భరణం పోయినాక రాజధర్మం చేసింది ఆమే.

అందరూ ముకరంజా మాదిరి దూరం పోలేదు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన మేడను చదువుకిచ్చినాడు. 1959లో నెహ్రూ వచ్చి ఆడ పాలిటెక్నిక్ మొదలుపెట్టినాడు. రామేశ్వరరావు పార్లమెంటు సభ్యుడయినాడు, పుస్తకాలు అచ్చేసే పెద్ద కంపెనీ నడిపినాడు. విజయనగరం పి.వి.జి. రాజు సోషలిస్టులతో కలిసి నడిచినాడు, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి ఆస్తులు చదువులకు రాసిచ్చినాడు. వాళ్ళిద్దరికీ ముందే తెలిసిపోయింది, బిరుదు నిలవదని.

అంత దూరం ఎందుకు, మన కంబం చెరువు లేదూ? గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందంటారు. మొగుడి ఆదరణ లేక రాజధానికి దూరంగా కంబంలో ఉండిపోయిందని చెప్తారు. రాణి అన్న పేరే గాని రాణివాసం లేదు. అట్టాంటి ఆమె రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేయించింది. 500 ఏళ్ళయింది, ఇంకా పొలాలు తడుస్తానే ఉండాయి. 2020లో వారసత్వ సాగునీటి కట్టడంగా లోకమంతా ఒప్పుకున్నది.

ముకరంజా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోయినాడు. తాతలనాటి ఊళ్ళో మట్టి చెయ్యాలన్నది ఆయన కోరిక. పెట్టెను చౌమహల్లాకు తెచ్చి జనం చూసేదానికి ఉంచినారు. తెలంగాణ సర్కారు లాంఛనాలతో 18న మక్కా మసీదులో పెట్టినారు. టీవీలో మీ జేజీ నేనూ చూసినాం. టీవీ వాళ్ళు వచ్చిన పెద్దమనుషుల పేర్లు చెప్తానే ఉన్నారు. వరసలో నిలబడి కండ్లు తుడుచుకుంటున్న ముసలోళ్ళను ఒక్కరన్నా ఆపి, నువ్వెవరు, మీ నాయన ఆ ఇంట్లో ఏం పని చేసినాడు అని అడుగుతారేమోనని చూసినా. నేను చూసినంతసేపు ఎవరూ అడగలేదు.

సంక్రాంతి సెలవులకు బనగానపల్లె తీసుకుపోతా, నవాబు బంగళా చూద్దురు గాని. ఇప్పుడు దాన్ని అరుంధతి బంగళా అంటున్నారు, ఆ సినిమా తీసినారని. సినిమా యాడ తీసినారో చూపించేదానికి చానామంది ఉంటారు. మీరు మాత్రం ఆ ఊళ్ళో పెద్దోళ్ళ కాడ కూర్చొని, వంటిల్లు యాడ ఉండేది, నీళ్ళు ఎవరు మోసేవాళ్ళు, నవాబు పోయినాక వాళ్ళు ఏమయినారు అని అడగండి. పెద్దోడా, నువ్వు పలకో పుస్తకమో పట్టుకొని రా. పేర్లు చెప్తే రాసుకుందువు.